టీచరుగారు పెట్టిన ముహూర్తం

మొన్న గుడివాడలో జ్యోతిషం మీద ఉపన్యాసం ముగించి కూర్చోబోతుంటే వెనక వరసలో ఒకాయన లేచాడు. బ్యాంకులో పనిచేస్తాడట. చేతిలో మైకు లేకపోయినా హాలంతా వినపడేలా అడిగాడు.

"జాతకాలు అబద్ధమంటున్నారు, బానే ఉంది. మా నాన్నగారికి రక్తం తీసి, అందులో ఒక అంకె చూసి, ముందు ముందు ఈయన పరిస్థితి ఇలా ఉండబోతోందని డాక్టరుగారు చెప్పారు. మరి అది జోస్యం కాదా అండీ?"

హాల్లో నవ్వులు. నిర్వాహకులు నా వైపు చూశారు, ఇక ఈయన విరుచుకుపడతాడన్నట్టు. అలాంటి ప్రశ్నల మీద విరుచుకుపడే మనిషిగానే ఈ జిల్లాలో నాకు పేరు. ఆ రోజు మాత్రం "ఏం జబ్బు?" అని అడిగాను.

"పెద్దపేగు క్యాన్సరండీ. ఆ అంకెని సీఈఏ అంటారు."

నాకు తెలుసు. ఆ మూడక్షరాల కోసం ఎదురుచూసే ఒక మనిషి పక్కన చాలాకాలం కూర్చున్నవాణ్ణి. పేగు క్యాన్సరున్న చాలామంది రక్తంలో ఒక పదార్థం పెరుగుతుంది. దాన్ని కొలిస్తే జబ్బు ఎటు నడుస్తోందో కొంత అంచనా దొరుకుతుంది. అంతవరకూ ఎవరైనా చెప్పగలరు. కానీ ఆయన అడిగినదానికి సరైన జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కరే. ఆవిడ లేరు. నాకు చేతనైనంత చెప్పి బందరు బస్సెక్కాను. దారి పొడుగునా ఆవిడే గుర్తొచ్చారు.

మేమంతా టీచరుగారు అనేవాళ్ళం. పేరు రాయను, తన పేరు అచ్చులో పడితే పత్రిక మడిచి పక్కన పెట్టేసే మనిషి. దివిసీమలో పుట్టి, బందరు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయారు. భర్త ముందే పోయారు, పిల్లల్లేరు. మా హేతువాద సంఘంలో నాకంటే పాతకాపు. నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. "వక్తగారూ" అనేవారు. ఆ పిలుపులో మర్యాద పావు వంతు, ఎగతాళి ముప్పావు.

వేదికెక్కే ముందు చెప్పులు విడిచేవారు. ఒకసారి ఘంటసాల దగ్గర ఒక పల్లెలో అది చూసి పెద్దమనిషొకరు ముచ్చటపడిపోయారు. "నాస్తికులైనా సభకి దణ్ణం పెట్టినట్టే కదమ్మా" అన్నారు. "భక్తి కాదండీ, కాళ్ళకి చెమట. చెప్పుల్లో జారిపోతాను" అన్నారావిడ మైకులోనే. ఆ పెద్దాయన మొహం నాకింకా గుర్తే.

నేను ఉరుముతాను. అది నా పద్ధతి. ఆవిడ అడిగేవారు. అడిగేది కూడా ఒకే ఒక్క మాట: "ఎంతమందిలో?"

మా అత్తగారికి తాయెత్తు కడితే జ్వరం తగ్గింది అని ఎవరో అంటారు. ఆవిడ కళ్ళజోడు తీసి పైటచెంగుతో తుడుచుకుంటారు. "అలాగా. ఎంతమందికి కట్టారు? అందులో ఎంతమందికి తగ్గింది? కట్టనివాళ్ళలో ఎంతమందికి తగ్గలేదు?" గొంతు పెంచేవారు కాదు. క్లాసులో పిల్లవాణ్ణి అడిగినట్టే. అవతలి మనిషికి కోపం వచ్చేలోపు ఆలోచన వచ్చేసేది. నేను గంటన్నర కేకలేసి సంపాదించలేనిది ఆవిడ ఆ ఒక్క ప్రశ్నతో సంపాదించటం చూసి నాకు అసూయగా ఉండేది.

పురోహితుడు లేని పెళ్ళిళ్ళు చేయించటం ఆవిడకి సరదా. అదీ మామూలు రోజుల్లో ఒప్పుకునేవారు కాదు. మూఢంలోనో, ఆషాఢంలోనో, దుర్ముహూర్తం చూసి మరీ పెట్టించేవారు. అందుకోసం పంచాంగం చూడటం బాగా నేర్చుకున్నారు. పెళ్ళికూతురి మేనత్తలు గుండెలు బాదుకుంటుంటే, "పదేళ్ళాగి వచ్చి చూస్తానమ్మా, వీళ్ళు మీకంటే ఎక్కువ కొట్టుకుంటుంటే అప్పుడు ఒప్పుకుంటాను" అని నవ్వేవారు.

ఆ నవ్వు వెనక ఒక చావు ఉంది. నాకది చాలా ఆలస్యంగా చెప్పారు.

ఆవిడ బడిలో చదువుతుండగా తల్లికి కడుపులో నొప్పి మొదలైంది. తింటే నొప్పి, తినకపోతే నీరసం. మనిషి చిక్కి సగమైంది. పెట్టుడు మందన్నారు ఊళ్ళో. అంటే గిట్టనివాళ్ళెవరో అన్నంలో ఏదో కలిపి పెట్టారని. దాన్ని కక్కించేవాడు కృష్ణ అవతలి ఒడ్డున ఉన్నాడంటే పడవలో తీసుకెళ్ళారు. అతను పసరు పోసి, వాంతి చేయించి, అందులోంచి వేలితో నల్లటి ముద్ద ఒకటి తీసి అందరికీ చూపించాడు. ఆ ముద్ద అంతకు ముందే అతని గోరు సందున ఉండటం కూతురు చూసింది. చెప్తే చెంప పగిలింది. తల్లి ఆ ఏడే పోయింది. మందు పెట్టింది ఎవరని ఊరు ఆలోచించి, తోడికోడలి పేరు చెప్పింది. అంటే టీచరుగారికి పిన్ని. ఆ పిన్ని ఇంటికీ ఈ ఇంటికీ మధ్య ఆనాటితో మాటలు పోయాయి.

"అప్పట్నుంచీ నాకు గోళ్ళు చూసే అలవాటు" అన్నారావిడ. "ఎవడు అద్భుతం చూపించినా ముందు వాడి గోళ్ళు చూస్తాను."

అంత చూసే మనిషి తన సంగతి చూసుకోలేదు. రక్తం పడుతుంటే మొలలనుకున్నారు. పిల్లలకి పేగుల బొమ్మ బోర్డు మీద రంగుసుద్దలతో వేసి చూపించినావిడ, మొలలే అని ఏడాది పాటు మజ్జిగ తాగుతూ కూర్చున్నారు. బెజవాడలో ఆపరేషన్ అయింది. డిశ్చార్జి చేసేరోజున డాక్టరు కుర్రాడు, మంచివాడే, కాగితాలు చూస్తూ నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఆపరేషన్‌కి ముందు సీఈఏ బాగా ఎక్కువుందండీ. గ్రంథులకి కూడా పాకింది. అలాంటివాళ్ళలో సాధారణంగా..."

"బాబూ," అన్నారు టీచరుగారు. "ఆయనకేం జబ్బు లేదు. నన్ను చూసి చెప్పండి."

అతను కంగారుపడి ఆవిడ వైపు తిరిగాడు.

"నాలాంటివాళ్ళు వందమంది ఉన్నారనుకోండి. ఐదేళ్ళకి ఎంతమంది మిగులుతారు?"

డాక్టరు ఒక అంకె చెప్పాడు. అది ఇక్కడ రాయను. ఎవరో ఒకరు దాన్ని తమ మొహాన రాసినట్టు చదువుకుంటారు.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆ మిగిలేవాళ్ళలో నేనున్నానో, పోయేవాళ్ళలో ఉన్నానో, మీ సీఈఏకి తెలుసా?"

"తెలీదండీ. మీలాంటివాళ్ళు ఎటు ఎక్కువ వెళ్తారో చెప్తుంది. మీ ఒక్కరి సంగతి చెప్పదు. ఇప్పుడు ఆపరేషన్ తర్వాత అది తగ్గితే మంచిది. తగ్గి మళ్ళీ పెరుగుతుంటే, ఎక్కడో మిగిలిందని అనుమానించాలి. అప్పుడు కూడా అనుమానమే. స్కాన్ తీసి చూడాలి."

"తెలీదని చెప్పారు చూడండి, అందుకు మీకు నమస్కారం" అన్నారు. నిజంగానే రెండు చేతులూ జోడించారు. ఆవిడ ఎవరికైనా అలా నమస్కరించటం నేను చూసింది అదొక్కసారే.

తిరిగి కారులో వస్తుంటే, ఉయ్యూరు దాటాక అన్నారు:

"మనం ఓడిపోయేది ఎక్కడో ఇవాళ తెలిసింది వక్తగారూ. జ్యోతిష్కుడు 'నీకు' అంటాడు. డాక్టరు 'వందమందిలో' అంటాడు. రెండోదే నిజం. కానీ భయపడ్డ మనిషికి వందమందితో ఏం పని? 'నీకు' అన్నవాడి దగ్గరికే పోతాడు. నాకే ఒక్క క్షణం అనిపించింది, ఎవరైనా 'నీకేం కాదమ్మా' అంటే బావుండునని."

ఇన్నేళ్ళుగా నేను తిట్టిపోసిన జనం ఎందుకు ఆ జ్యోతిష్కుల అరుగుల మీద కూర్చుంటారో ఎవరూ నాకింత తేలిగ్గా చెప్పలేదు. అజ్ఞానం అని రాస్తూ వచ్చాను. అజ్ఞానం ఉంది. దాని కింద ఒంటరితనం ఉంది. సైన్సు మనిషిని గుంపులో నిలబెట్టి మాట్లాడుతుంది. నిజం చెప్పాలంటే అలా తప్ప చెప్పలేదు. మోసగాడు మనిషి భుజం మీద చెయ్యేసి, పేరు పెట్టి పిలిచి మాట్లాడతాడు. ఆ చెయ్యి బరువు తెలియనివాడు ఎన్ని ఉపన్యాసాలిచ్చినా గాలికే. నాతో సహా.

బ్యాంకు ఉద్యోగికి నేను చెప్పవలసిన జవాబు కూడా అదే. జోస్యం తప్పదని చెప్తుంది. పరీక్ష తప్పొచ్చని ఒప్పుకుంటుంది, తప్పితే మళ్ళీ కొలుస్తుంది. తేడా అది. ఆ తేడా మీద బతకటం ఎంత కష్టమో టీచరుగారిని చూశాక తెలిసింది.

మొదటి పరీక్షలో అంకె తగ్గింది. తర్వాత చాలాకాలం తక్కువలోనే ఉంది. రిపోర్టు ఫోనులోకి వచ్చేది. వచ్చిందని చప్పుడు వినిపించినా వెంటనే చూసేవారు కాదు. ముందు అన్నం తినేవారు. "చూసి తింటే కూర రుచి దానిదవుతుంది, వంకాయది కాదు" అనేవారు. తినటం కూడా నింపాదిగా, చేపముల్లు తీసినట్టు ఒక్కో మెతుకూ. ఎదురుగా కూర్చుని ఆ ఫోనుని చూస్తూ నేను మాత్రం ఏం తిన్నానో తెలియకుండా తినేవాణ్ణి.

తర్వాత అంకె పెరిగింది. కొంచెమే. స్కాన్‌లో ఏమీ కనపడలేదు. మళ్ళీ పెరిగింది. అప్పుడూ ఏమీ కనపడలేదు. ఒంట్లో జబ్బు జాడ లేదు, కాగితం మీద ఉంది. ఆ రోజుల్లో ఒకసారి ఆవిడ అద్దం ముందు నిలబడి పొట్ట తడుముకుంటూ, "ఎక్కడున్నావోయ్? దాక్కోవటం దేనికి, పెద్దదాన్ని, వెతకలేను" అనటం నా చెవిన పడింది. మూడో స్కాన్‌లో కాలేయంలో కనపడింది.

ఆవిడ చావుకి సిద్ధపడ్డారని అంటే అది నాటకంలా ఉంటుంది. ఎవరూ సిద్ధపడరు. ఆవిడ భయపడ్డారు, రెండుసార్లు నా ముందే ఏడ్చారు. కానీ ఆ భయం కంటే ముందు ఇంకొకటి వచ్చి కూర్చుంది. తమ్ముడు.

తల్లి పోయేనాటికి అతను పలకా బలపం పట్టినవాడు. అక్కే పెంచింది. ఇప్పుడు అరవై దాటాడు. నాగాయలంక దగ్గర పొలం, రొయ్యల చెరువులు. తెల్లవారి లేస్తే నుదుట కుంకుమ లేకుండా గుమ్మం దాటడు. అక్కంటే ప్రాణం, అక్క సిద్ధాంతాలంటే చెవుడు. "మా అక్కకి దేవుడు లేడు, ఆ దేవుడికి మాత్రం మా అక్కంటే భయం" అని నవ్వేవాడు.

డాక్టరు మొదటే చెప్పాడు, తోడబుట్టినవాళ్ళు పేగులోకి కెమెరా గొట్టం పెట్టి చూపించుకోవాలని. తల్లి సంగతి విన్నాక మరీ గట్టిగా చెప్పాడు. "అమ్మకీ ఇదే అయ్యుండొచ్చు. ఇన్నేళ్ళ తర్వాత ఖాయంగా చెప్పలేం" అన్నాడు. అది విన్నరోజు నుంచి టీచరుగారికి తన అంకె కంటే తమ్ముడి పేగు ముఖ్యమైపోయింది.

అతను కొబ్బరి బొండాలు వేసుకుని వచ్చాడు ఒక ఆదివారం. కూర్చోగానే మొదలుపెట్టారావిడ.

"ఎప్పుడు వెళ్తున్నావురా?"

"నాకేం లేదక్కా. టెస్టు చేయించా. నార్మల్."

"ఏం టెస్టు?"

"నీకు చేసేదే. సీఈఏ. అవనిగడ్డలో క్యాంపు పెట్టారు. షుగరు, కొలెస్ట్రాలు, క్యాన్సరు అన్నీ కలిపి ప్యాకేజీ." జేబులోంచి ఫోను తీసి చూపించాడు. రిపోర్టు ఫొటో అది. ఆ కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. దేవుడి పటం కింద పెట్టి తీసిన ఫొటో.

నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు. ఏ జబ్బూ లేని రైతు చేతిలో ఈ కాగితం పెట్టి, క్యాన్సరు లేదు పొమ్మని పంపినవాళ్ళ మీద. ఏటి అవతల వాడు గోరు సందున ముద్ద పెట్టుకున్నాడు. వీళ్ళు ప్యాకేజీలో అంకె పెట్టుకున్నారు. సైన్సు పేరుతో అమ్మిన తాయెత్తు కూడా తాయెత్తే.

"అది ఉన్న జబ్బు ఎటు పోతోందో చూసేదిరా" అన్నారు టీచరుగారు. "జబ్బు ఉందో లేదో తేల్చేది కాదు. మొదట్లో చాలామందికి అసలు పెరగదు."

"మరి క్యాన్సరు టెస్టని బోర్డు పెట్టారుగా?"

"నీ చెరువు నీళ్ళకి టెస్టు చేయిస్తావు కదా. కిందటేడు నార్మల్ వచ్చిందా లేదా?"

"వచ్చింది."

"తెల్ల మచ్చ తెగులు వచ్చిందా లేదా?"

అతను తలూపాడు.

"మరి ఎలా తెలిసింది?"

"వల వేసి చూస్తే తెలిసింది."

"ఆ వలే వెయ్యమంటున్నాను."

"చెరువులో వేస్తారు గానీ..." అతను నా వైపు చూసి సిగ్గుతో ఎర్రబడ్డాడు. "అదెక్కణ్ణించి వేస్తారో తెలుసా అన్నయ్యగారూ? రేపు ఊళ్ళో తెలిస్తే నేను తలెత్తుకు తిరగొద్దా?"

"ఊళ్ళో అందరికీ అదే చోట ఉంటుందిరా" అన్నారావిడ. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే అతను తప్పించుకుని వెళ్ళిపోయాడు.

నెలలు అలా తప్పించుకున్నాడు. రొయ్యలు పట్టే రోజులన్నాడు. నాట్లన్నాడు. ఆషాఢమన్నాడు, ఆసుపత్రి గుమ్మం తొక్కకూడదన్నాడు. జిల్లాలో ఎందరి నోళ్ళో మూయించిన టీచరుగారికి ఇంట్లో మనిషి లొంగలేదు. ఈలోగా ఆవిడకి కడుపు ఉబ్బి, కాళ్ళు సన్నబడి, దిండ్లకి ఆనుకుని కూర్చునే దశ వచ్చింది. అప్పుడు మళ్ళీ వచ్చాడు, భార్యతో.

"వెళ్తానక్కా. మంచిరోజు చూసుకుని వెళ్తా. పంతులుగారు ఊళ్ళో లేరు, రాగానే..."

"పంచాంగం ఉందా నీ దగ్గర?"

"ఎందుకు?"

"కారులో ఉందా లేదా? ఉంటే తీసుకురా."

అతను అపనమ్మకంగా వెళ్ళి తెచ్చాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. వేలు వణుకుతోంది. తిథుల వరస మీద ఆ వేలు కదలటం నేను చూడలేకపోయాను. దుర్ముహూర్తాలు వెతకటానికి నేర్చుకున్న విద్య అది.

"నీది రోహిణి కదా. పునర్వసు నీకు క్షేమతార. వచ్చే నెల బుధవారం పడింది. వర్జ్యం మధ్యాహ్నం గానీ లేదు, డాక్టరు పొద్దున్నే చేస్తాడు. ఇంతకంటే మంచి ముహూర్తం మీ పంతులు కూడా పెట్టలేడు. ఏమ్మా, నువ్వు చెప్పు?" అని మరదలిని అడిగారు.

మరదలు గబగబా తలూపింది. తమ్ముడు వంగి అక్క కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఎన్నడూ పెట్టనివ్వని మనిషి, ఆ రోజు కాళ్ళు వెనక్కి లాక్కోలేదు. లాక్కునే శక్తి లేదో, లాక్కోవాలనిపించలేదో తెలియదు.

వాళ్ళు వెళ్ళాక నేనాగలేకపోయాను. "టీచరుగారూ, మీరా! రేపు గట్టెక్కితే ముహూర్తబలం అంటాడు. మీ నోటితో మీరే..."

"అననివ్వండి. బతికున్నవాడితో ఎప్పుడైనా వాదించుకోవచ్చు. మీరు వెళ్ళి వాదించండి. నాకంత టైం లేదు."

"అంటే నలభై ఏళ్ళు మనం చెప్పింది..."

"నలభై ఏళ్ళు నేను వాదించింది గెలవటానికి కాదు వక్తగారూ. మా అమ్మలాగా ఇంకొకరు పడవెక్కకూడదని." ఆయాసం వచ్చి ఆగారు. "వీడు ఎక్కవలసిన పడవ ఎక్కనన్నాడు. అంతే తేడా. వీణ్ణి ఒడ్డుకి చేర్చే దారి ఆ పుస్తకంలోంచే ఉంటే, దాంట్లోంచే నడిపిస్తాను."

ఆవిడ చేసింది ఒప్పని ఇప్పటికీ నేను సభలో చెప్పలేను. తప్పని ఇంట్లో కూడా చెప్పలేను.

ఆ బుధవారం రాకముందే టీచరుగారు పోయారు. కర్మకాండలు వద్దని ముందే చెప్పారు. అస్థికలు సంగమంలో కలుపుతానని తమ్ముడు అడిగితే మాత్రం, "నేనుండను కదా, నీ ఇష్టం" అన్నారట. హంసలదీవి దాటి పాలకాయతిప్ప దగ్గరికి నేనూ వెళ్ళాను. సముద్రం పోటు మీదుంది. అతను మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పని ముగించి, తడిబట్టలతో ఇసకలో కూలబడ్డాడు. నేను బుధవారం సంగతి ఎత్తాను.

"వెళ్ళను అన్నయ్యగారూ."

"అదేంటి?"

"ముహూర్తం పెట్టినావిడే పోయింది. ఇంకది శుభమెలా అవుద్ది? అశుభం. చేతులారా చావు కొనితెచ్చుకోవటమే."

నేను నోరు తెరిచాను. గ్రహాలకీ పేగులకీ సంబంధం లేదని, చావు ఎవరి ముహూర్తాన్నీ మలినం చెయ్యదని, వాక్యాలన్నీ వరసగా వచ్చి నాలిక చివర నిలబడ్డాయి. ఏ ఒక్కటీ అతనిదాకా చేరదని తెలుస్తూనే ఉంది. అంతలో అతని భార్య, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని మనిషి, లేచి నిలబడింది.

"ఏవయ్యా, పుట్టి బుద్ధెరిగాక ఒక్క మంచిరోజు చూసుకోని మనిషి. మొగుడు పోయినప్పుడు కూడా చూళ్ళేదు. అలాంటిది నీకోసం ఆ పుస్తకం పట్టుకుంది. వేళ్ళు వణుకుతుంటే పట్టుకుంది. అంత మనిషి అంత పని చేసింది, నువ్వు ఆ గొట్టం పెట్టించుకోలేవా? సిగ్గు లేదూ?"

సముద్రం వైపు తిరిగి కూర్చుని అతను చాలాసేపు ఏడ్చాడు. మంగళవారం సాయంత్రం ఇద్దరూ బెజవాడ వచ్చారు. నేనూ వెళ్ళాను.

పేగు శుభ్రం కావటానికి సీసాల కొద్దీ నీళ్ళమందు తాగించారు. తాగి, వెళ్ళి, వచ్చి, మళ్ళీ తాగి నీరసపడి మంచం మీద వాలిపోయాడు. "అమ్మకి పసరు పోశారు, నాకు ఇది పోశారు" అన్నాడు. తర్వాత పైకప్పు చూస్తూ అడిగాడు:

"అమ్మకీ అక్క జబ్బే అంటున్నాడు కదా డాక్టరు. అయితే మా పిన్ని ఏమీ పెట్టలేదంటారా?"

"పెట్టుడు మందనేది లేదయ్యా. ఎవరూ ఏమీ పెట్టలేదు."

"ఆవిడ పోయినప్పుడు చూట్టానికి కూడా వెళ్ళలేదు నేను. పక్క వీధే" అన్నాడు. గెలిచిన వాదనలు నా జీవితంలో చాలా ఉన్నాయి. ఆ గెలుపు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బుధవారం పొద్దున్న లోపలికి తీసుకెళ్ళారు. అనుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టింది. డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. పేగు గోడ మీద రెండు కండలు పెరిగి ఉన్నాయి. ఒకటి చిన్నది, రెండోది చూడటానికి అంత మంచిగా లేదు. రెండూ మొదలంటా తీసేశాడు. పరీక్షకి పంపుతాడు. కానీ అతని అంచనాలో ఇంకా ముదరలేదు. "వదిలేసి ఉంటే అటే పోయేదేమో. ఇప్పుడు మాత్రం సమయానికి వచ్చారు" అన్నాడు.

అతని భార్యా, నేనూ లోపలికి వెళ్ళాం. మత్తు ఇంకా వదల్లేదు. అడుగుల చప్పుడుకి సగం కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టాడు.

"అయిపోయిందా అన్నయ్యగారూ?"

"అయిపోయింది. తీసేశారు. భయం లేదు."

మొహం విప్పారింది. అంత పెద్ద మీసాల మనిషి బడి వదిలిన పిల్లాడిలా నవ్వాడు.

"అక్కకి ఫోన్ చేశారా?"

అతని భార్య పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెయ్యండి. పొద్దుట్నించి కంగారు పడతా ఉంటది. ముహూర్తం బాగా పెట్టిందని చెప్పండి" అన్నాడు ముద్దముద్దగా.

"చేస్తాను" అన్నాను.

నిశ్చింతగా కళ్ళు మూసుకున్నాడు. మత్తు పూర్తిగా దిగటానికి ఇంకాస్త టైం పడుతుందని నర్సు చెప్పి వెళ్ళింది. ఆ మంచానికి చెరోవైపు నిలబడి, అది దిగకుండా ఉంటే బావుండునని మేమిద్దరం అతని మొహమే చూస్తూ ఉన్నాం.